ఇంపాక్టర్ చనిపోయాడా, జైల్లో ఉన్నాడా?

కిందటి డిసెంబరులో ఒకరోజు మేము ఏడో తరగతి తెలుగు పీరియడ్‌కు వెళ్ళేసరికి ఇద్దరు అబ్బాయిలు బల్లకు అటొకడూ ఇటొకడూ నిలబడి గట్టిగా వాదించుకుంటున్నారు. సగం హిందీ, సగం తెలుగు. "చనిపోయాడు" అంటాడొకడు. "లేదు, జైల్లో ఉన్నాడు" అంటాడు రెండోవాడు. మాకు గుండె గుభేలుమంది. ఎవరింట్లో ఏం జరిగిందో అనుకున్నాం. తీరా అడిగితే ఆ పోయినవాడూ, జైలుపాలైనవాడూ ఒకడే. ఇంపాక్టర్ అనే మరమనిషి. ట్రాన్స్‌ఫార్మర్స్ కామిక్సులో ఒక చిన్న పాత్ర.

మొదటి అబ్బాయి జులైలో మా విద్యాలయంలో చేరాడు. వాళ్ళింట్లో ఒక నల్ల ఇనప ట్రంకు ఉందట. మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటుంది. మూత మీద తెల్లరంగుతో పేరు, దాని కింద ఊరు, ఆ ఊరు కొట్టేసి ఇంకో ఊరు. ఆ ట్రంకులో వాళ్ళ నాన్నగారు చిన్నప్పటి నుంచి దాచుకున్న బ్రిటిష్ కామిక్ వారపత్రికలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఇంపాక్టర్ చనిపోయాడు. రెండో అబ్బాయి వచ్చి పట్టుమని పదిరోజులు కాలేదు. అతని దగ్గర ఉన్నది 2010లో వచ్చిన అమెరికన్ కామిక్. అందులో ఇంపాక్టర్ జైల్లో ఉన్నాడు. ఇద్దరూ తాము చదివిందే చెబుతున్నారు. ఇద్దరి మాటా నిజమే.

ఆ రోజు చెప్పాల్సిన పాఠాన్ని పక్కన పెట్టి ఇంపాక్టర్ పాఠం చెప్పుకున్నాం. దాన్నే ఇక్కడ కొంచెం పెంచి రాస్తున్నాం.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. 1984లో హాస్‌బ్రో అనే అమెరికన్ బొమ్మల కంపెనీ, జపాన్‌లో టకారా కంపెనీ అప్పటికే అమ్ముతున్న బొమ్మలను తీసుకుని, ట్రాన్స్‌ఫార్మర్స్ అనే కొత్త పేరుతో అమ్మడం మొదలుపెట్టింది. కారు మరమనిషి అవుతుంది, మరమనిషి మళ్ళీ కారు అవుతాడు. (క్రియ మారింది, గమనించారా? దాని సంగతి తర్వాత చెబుతాం.) బొమ్మకు కథ ఉంటే పిల్లలు ఇంకా ఇష్టంగా కొంటారు కదా! ఆ కథ అల్లే పని మార్వెల్ కంపెనీకి అప్పగించారు. సైబర్‌ట్రాన్ అనే లోహగ్రహం, మంచివాళ్ళైన ఆటోబాట్లు, చెడ్డవాళ్ళైన డిసెప్టికాన్లు, వాళ్ళ మధ్య లక్షల ఏళ్ళ యుద్ధం. ఆ ఏడాదే మార్వెల్ కామిక్ మొదలై 1991లో 80వ సంచికతో ఆగిపోయింది.

బ్రిటన్‌లో మార్వెల్ శాఖ ఇదే కథను వేరే పత్రికగా వేసేది. అక్కడొక చిక్కు వచ్చిపడింది. అమెరికాలో సంచిక నెలకొకటి. బ్రిటన్ పత్రిక మొదట పదిహేను రోజులకొకటిగా వచ్చినా, కొద్దికాలానికే వారపత్రిక అయింది. నెల సరుకు రెండు వారాల్లో అయిపోయేది. మిగతా వారాలకు కథ ఎక్కడి నుంచి తేవాలి? సొంతంగా రాసుకోవాల్సిందే. కానీ ఆ సొంత కథ వల్ల అమెరికా కథ చెడకూడదు. రేపు అమెరికా సంచికలో కనిపించాల్సిన వీరుణ్ణి ఈరోజు బ్రిటన్‌లో చంపేస్తే ఎలా? ఇంటాయన బీరువాకు తాళం వేసుకుని ఊరెళితే, ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్ళు తమ సామానుతోనే సర్దుకున్నట్టన్నమాట. సైమన్ ఫర్మన్ అనే రచయిత ఆ సర్దుకోవడంలోనే పేరు తెచ్చుకున్నాడు. అమెరికా రచయితలు ముట్టుకోని బొమ్మలను ఏరి తెచ్చుకున్నాడు, చాలనప్పుడు బొమ్మే లేని పాత్రలను పుట్టించాడు.

అలా పుట్టినవాడే ఇంపాక్టర్. 1986 సెప్టెంబరు నుంచి నవంబరు వరకు, 78వ సంచిక మొదలు 88 దాకా 'టార్గెట్: 2006' అనే పెద్ద కథ నడిచింది. అందులో సైబర్‌ట్రాన్ మీద రెకర్స్ అనే మెరుపుదళం ఉంది. ఎవరూ ఒప్పుకోని పనులు ఒప్పుకునే జట్టు. దానికి నాయకుడు ఇంపాక్టర్. ఒక చేతికి పిడికిలి ఉండాల్సిన చోట హార్పూన్ ఉంటుంది. హార్పూన్ అంటే తిమింగలాల వేటలో వాడే, తాడు కట్టిన ఈటె. విసిరితే గుచ్చుకుంటుంది, తాడు పట్టి లాగితే వేట దగ్గరికి వస్తుంది. చూడగానే గుర్తుండిపోయే ఆయుధం. కథ చివర, ఆటోబాట్ పెద్ద జారన్ మీదికి గురిపెట్టిన దెబ్బను తన మీదికి తీసుకుని ఇంపాక్టర్ చనిపోతాడు. తర్వాత స్ప్రింగర్ అనేవాడు నాయకుడవుతాడు.

ఇక్కడ ఒక మాట. ఇంపాక్టర్‌కు దుకాణంలో బొమ్మ లేదు. బొమ్మ ఉన్నవాడు చచ్చిపోతే అది ఎవరు కొంటారన్న దిగులు కంపెనీకి ఉంటుంది. ఇంపాక్టర్‌ను చంపడానికి రచయితకు అలాంటి అడ్డేమీ లేదు. అందుకే ఆ చావు చదివే పిల్లలకు తగిలింది. ఎలాగూ వచ్చేవారం లేచి వస్తాడులే అనుకోవడానికి లేదు. చిన్నపాత్రగా పుట్టడంలో ఉన్న నష్టమూ, లాభమూ రెండూ ఇదేనని మాకనిపిస్తుంది. అతనికి అసలైన బొమ్మ రావడానికి రెండు దశాబ్దాలు దాటింది.

అయితే అతను లేచి వచ్చాడు. ఇక్కడే మా తరగతిలో పాఠం మలుపు తిరిగింది.

1988లో అదే బ్రిటిష్ పత్రికలో ఫ్లేమ్ అనే పిచ్చి శాస్త్రవేత్త చచ్చిన మరమనుషులను లేపుతాడు. అవి వీధుల్లో పడి నడుస్తాయి. వాటిలో ఇంపాక్టర్ కూడా ఉంటాడు. ట్రంకు అబ్బాయి లేచి ఈ కథ చెబుతూ "అప్పుడు శవం లేచాడు" అన్నాడు. తరగతంతా నవ్వింది. తెలుగు ఇంట్లో మాట్లాడటమే తప్ప చదువు హిందీ, ఇంగ్లీషుల్లో సాగిన పిల్లలు ఇలాంటి తప్పు చేయడం మామూలే. "శవం లేచింది" అనాలని ముందు బల్లలో అమ్మాయి సరిదిద్దింది. అబ్బాయి ఊరుకోలేదు. "ఇంపాక్టర్ లేచింది అంటారా మరి?" అన్నాడు. అది కూడా తప్పులాగే వినిపించింది.

తెలుగులో వాక్యం పూర్తి కావాలంటే క్రియ చివర ఒక తీర్పు చెప్పక తప్పదు. "వచ్చాడు" అంటే మగమనిషి. "వచ్చింది" అంటే అమ్మాయి, లేదా ఆవు, లేదా రైలు. ఇంగ్లీషులో 'కేమ్' అని తప్పించుకోవచ్చు, మనకు ఆ దారి లేదు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో ఈ విభజనకు పేర్లు పెట్టాడు. మగవారిని, దేవుళ్ళను చెప్పే మాటలు మహత్తులు. స్త్రీలను చెప్పేవి మహతులు. పశుపక్ష్యాదులు, జడపదార్థాలు అమహత్తులు. జడం అంటే తనంతట తాను కదలనిది, ఎరుక లేనిది. ఇప్పుడు చెప్పండి, లారీలా దొర్లుకుంటూ వచ్చి, లేచి నిలబడి, స్నేహితుడి కోసం ప్రాణమిచ్చేది జడమా? చిన్నయసూరి కాలానికి ఇలాంటి ప్రశ్న ఎవరూ వేసి ఉండరు.

అంతలో వెనక బల్ల నుంచి ఒక అమ్మాయి అడిగింది. "టీచర్, అంటే నాకూ రోబోకూ ఒకటే క్రియా?" ఏకవచనంలో అంతే మరి, మేమేం చేస్తాం! కానీ బహువచనంలో విడిపోతారు. అమ్మాయిలు వచ్చారు, యంత్రాలు వచ్చాయి. ఆ ఒక్క అక్షరం దగ్గర భాష ఆడపిల్లను మనుషుల్లో కలుపుతుంది. మరి రెకర్స్ వచ్చారా, వచ్చాయా? తరగతిలో అందరూ "వచ్చారు" అన్నారు. ఎవరూ ఆలోచించను కూడా లేదు. కథ చదివినవాళ్ళకు వాళ్ళు మనుషులే.

ఇక శవం సంగతి. ఆ కథలో ఇంపాక్టర్ మొదట ఒంట్లో తెలివి లేకుండా లేస్తాడు. కొంతసేపటికి తాను ఎవరో గుర్తుకొస్తుంది. చివరికి తనవాళ్ళను కాపాడి రెండోసారి చనిపోతాడు. దీన్ని తెలుగులో రాయాలంటే క్రియ ఎక్కడ మార్చాలి? ముందు పేరాలో "లేచింది, నడిచింది" అని, ఎరుక వచ్చిన క్షణం నుంచి "ఆగాడు, చూశాడు" అని రాస్తే సరిగ్గా ఉంటుందని మాకు తోచింది. ఏ వాక్యం దగ్గర మార్చాలన్నది మాత్రం రాసేవాడు తేల్చుకోవాలి. ఇంగ్లీషు మూలంలో లేని ఒక పని తెలుగు రచయిత మీద అదనంగా పడుతుందన్నమాట. మాకైతే అది భారం అనిపించదు, అవకాశం అనిపిస్తుంది.

ఇప్పుడు రెండో అబ్బాయి పుస్తకానికి వద్దాం. బ్రిటిష్ పత్రిక 1992 జనవరిలో 332వ సంచికతో ఆగిపోయింది. తర్వాత వేరే ప్రచురణకర్తలు ట్రాన్స్‌ఫార్మర్స్ కథను మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు. 2005 నుంచి ఐడీడబ్ల్యూ అనే సంస్థ వేసింది. పేర్లు అవే, గ్రహం అదే, జరిగిన సంగతులు వేరు. ఇలా ఒక్కో మొదలు నుంచి నడిచే కథల వరుసను ఇంగ్లీషులో కంటిన్యుయిటీ అంటారు. మనం కథావరుస అనుకుందాం. ఒక వరుసలో చనిపోయినవాడు ఇంకో వరుసలో చనిపోనక్కర్లేదు.

ఇది మనకు తెలియని సంగతేమీ కాదు. వ్యాసుడి భారతంలో ఘటోత్కచుడు కురుక్షేత్రంలో కర్ణుడి శక్తికి బలైపోతాడు. 1957 నాటి 'మాయాబజార్'లో ఎస్వీ రంగారావు ఘటోత్కచుడిగా పెళ్ళివారింట్లో పకపకా నవ్వుతూ తిరుగుతాడు. శశిరేఖ అసలు వ్యాసుడి భారతంలోనే లేదు, అక్కడ అభిమన్యుడి భార్య ఉత్తర. అయినా ఏ తెలుగింట్లోనూ "ఇది తప్పు" అని సినిమా ఆపేయరు. "ఘటోత్కచుడు చనిపోయాడా?" అని అడిగితే, "ఏ కథలో?" అని ఎదురు అడగాలి. మా తరగతిలో ఆ రోజు ఎవరూ అడగని ప్రశ్న అదే.

2010 జనవరి నుంచి అయిదు సంచికలుగా 'లాస్ట్ స్టాండ్ ఆఫ్ ది రెకర్స్' వచ్చింది. రాసినవాళ్ళు నిక్ రోచ్, జేమ్స్ రాబర్ట్స్. ఇద్దరూ ఆ పాత బ్రిటిష్ పత్రిక చదివి పెరిగినవాళ్ళే. ఈ వరుసలో ఇంపాక్టర్ రెకర్స్‌కు ఒకప్పటి నాయకుడు, ఇప్పుడు ఖైదీ. పట్టుబడ్డ శత్రుదళాన్ని చంపేశాడు. అతనికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పింది స్ప్రింగర్. పాత కథలో ఎవరి చావు తర్వాత ఎవరు నాయకుడయ్యాడో, ఆ ఇద్దరే. ఇంపాక్టర్ ఉన్న గారస్-9 అనే జైలును ఓవర్‌లార్డ్ అనే క్రూరుడు ఆక్రమిస్తే, దాన్ని విడిపించడానికి స్ప్రింగర్ తన దళంతో వెళ్ళాల్సి వస్తుంది. వెళ్ళినవాళ్ళలో చాలామంది తిరిగి రారు. అయిదో సంచిక ముగించేసరికి మాకు అన్నం సయించలేదంటే అతిశయోక్తి కాదు. (పెద్దవాళ్ళకు రాసిన కథ. పదో తరగతి దాటాక చదవండి. ఏడో తరగతి అబ్బాయి చేతికి అది ఎలా వచ్చిందో వాళ్ళ అన్నను అడగాలి.)

ఈ కథలో మాకు అందరికంటే నచ్చిన పాత్ర ఇంపాక్టర్ కాదు, ఐరన్‌ఫిస్ట్. అతను రెకర్స్ అంటే పడిచచ్చే అభిమాని. మారుపేరుతో వాళ్ళ సాహసాలను ఇతిహాసంలా రాస్తుంటాడు. ఇప్పుడు ఆ దళంలోనే చేరే అవకాశం వచ్చింది. వచ్చాక, తాను రాసిన వీరులు వేరు, తన పక్కన నిలబడ్డవాళ్ళు వేరు అని తెలుస్తుంది. రాసినవాడు రాసినదాన్ని కలుసుకోవడం అన్నమాట. ఒక కథావరుసలోపలే మరో కథావరుస ఉందని రచయితలు చూపించారు.

మరుసటి ఏడాది జేమ్స్ రాబర్ట్స్ రాసిన 'కేయాస్ థియరీ'లో ఇంపాక్టర్ మరికొంత వెనక్కి వెళ్ళాడు. యుద్ధానికి ముందు గనిలో కూలీ. తోటి కూలీ, స్నేహితుడు ఎవరనుకున్నారు? మెగాట్రాన్. తర్వాత డిసెప్టికాన్లకు అధిపతి అయినవాడు. ఒక గనిలో చెమటోడ్చిన ఇద్దరూ చెరో పక్షానికి పోయారు. ఇక 2020లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'సీజ్' ధారావాహికలో ఇంపాక్టర్ ఏకంగా డిసెప్టికాన్. గుండె మీద గుర్తే మారిపోయింది. చూడనివాళ్ళ కోసం ఆ కథ ఇక్కడ చెప్పం.

ఒక పత్రికలో ప్రాణమిచ్చిన వీరుడు, ఇంకో పుస్తకంలో నేరస్థుడు, మరోచోట గనికూలీ, వేరొకచోట శత్రువు. ఇన్ని మారినా "వీడు ఇంపాక్టరే" అని ఎందుకంటున్నాం? తరగతిలో రకరకాల జవాబులు వచ్చాయి. పేరు అన్నారు. హార్పూన్ అన్నారు. ఒకమ్మాయి మాత్రం "ఎక్కడున్నా తగ్గడు టీచర్, దెబ్బ వస్తుంటే ముందుకే పోతాడు" అంది. జైల్లో పడటానికీ, జారన్‌ను కాపాడటానికీ రెండింటికీ కారణం ఆ ఒక్క గుణమేనట. మాకు ఇంతకుముందు తట్టలేదు.

గంట కొట్టాక అసలు గొడవ ఏమిటో తెలిసింది. ట్రంకు అబ్బాయి జులైలో చేరినప్పుడు, పాత స్కూల్లో తాను క్రికెట్ జట్టు కెప్టెన్‌నని చెప్పుకున్నాడు. ఇక్కడ అందరూ నమ్మారు, ఓపెనింగ్ బ్యాటింగ్ ఇచ్చారు, ఫర్వాలేదు బాగానే ఆడాడు. డిసెంబరులో వచ్చిన రెండో అబ్బాయి అదే ఊరు నుంచి, అదే స్కూలు నుంచి వచ్చాడు. "వీడు కెప్టెనా? పన్నెండో ఆటగాడు, నీళ్ళ సీసాలు మోసేవాడు" అని మొదటిరోజే చెప్పేశాడు. అప్పటినుంచి ఇద్దరికీ పడటం లేదు. ఇంపాక్టర్ ఒక సాకు.

ఆ అబ్బాయి స్టాఫ్‌రూమ్ గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. తిట్టాలా, ఓదార్చాలా మాకు తోచలేదు. బదిలీ ఉద్యోగాల ఇళ్ళలో ప్రతి పిల్లా ప్రతి పిల్లాడూ ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి చిన్న అబద్ధం చెప్పే ఉంటారు. కొత్త ఊళ్ళో ఎవరికీ మన గురించి తెలియదు. టీసీలో పుట్టినతేదీ ఉంటుంది, నడవడిక 'గుడ్' అని ఉంటుంది, మిగతాదంతా మనమే చెప్పుకోవాలి. మేమూ అంతే. ఒక ఊళ్ళో మమ్మల్ని బెత్తం లేకుండానే భయపెట్టే టీచర్ అనేవారు. అక్కడినుంచి బదిలీ అయ్యేటప్పుడు రైల్లోనే తీర్మానించుకున్నాం, ఈసారి నవ్వుతూ ఉండాలని. రెండేళ్ళు బాగానే నడిచింది. మూడో ఏడు పాత ఊరి నుంచి ఒక విద్యార్థిని వచ్చి, మమ్మల్ని చూడగానే లేచి బిగుసుకుని నిలబడింది. తరగతంతా మావైపు కొత్తగా చూసింది.

ఈ సంగతి అతనికి చెప్పాం. కాసేపు ఊరుకుని, "మరి ఇప్పుడు మీరు ఏ టీచర్?" అని అడిగాడు. మేం జవాబు వెతుక్కుంటుండగానే పీటీ పీరియడ్‌కు పరిగెత్తాడు. జనవరిలో జరిగిన మ్యాచ్‌లో ఇద్దరూ ఆడారు. రెండో అబ్బాయి నాలుగు ఓవర్లు వేశాడు. ట్రంకు అబ్బాయి పదకొండు పరుగులకు అవుటయ్యాడు, మిడాన్‌లో ఒక మంచి క్యాచ్ పట్టాడు.

ఇప్పుడు మీకు పని. ఇంపాక్టర్ శవంగా లేచి, తానెవరో గుర్తు తెచ్చుకునే ఘట్టాన్ని పది వాక్యాల్లో తెలుగులో రాయండి. "లేచింది" నుంచి "లేచాడు"కు ఏ వాక్యంలో మారారో కింద గీత గీయండి, అక్కడే ఎందుకు మారారో రెండు ముక్కల్లో చెప్పండి. మీ మరమనిషి ఆడమనిషి అయితే ఏకవచనంలో క్రియ మారదు కదా, అప్పుడు ఆ మార్పును పాఠకుడికి ఎలా తెలియజేస్తారో ఆలోచించండి. అది కొంచెం కష్టమైన ప్రశ్న. ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్ళు ప్రయత్నించవచ్చు. ఇంట్లో అమ్మమ్మనో తాతయ్యనో అడిగి, ఒకే మనిషి రెండు కథల్లో రెండు రకాలుగా కనిపించే పాత్ర ఇంకొకటి పట్టుకురండి. పురాణమైనా, సినిమా అయినా, ఊళ్ళో చెప్పుకునేదైనా సరే.

జవాబులు మీ తెలుగు టీచర్ ద్వారా పంపండి. పేరు, తరగతి, విద్యాలయం తప్పక రాయండి. ఈలోగా నాన్నగారికో అమ్మగారికో బదిలీ అయితే, పాత విద్యాలయం పేరు కొట్టేసి పక్కన కొత్తది రాయండి. రెండూ కనిపించినా ఫర్వాలేదు.